లప్పం మేస్త్రీ అద్దాల గది

ఆయన అసలు పేరు ఏమిటో వీధిలో చాలామందికి తెలియదు. అందరికీ లప్పం మేస్త్రీ. రంగు వేసేముందు గోడల్లో పగుళ్ళు, తలుపుల్లో బొక్కలు పూడ్చడానికి పెట్టే ముద్దని లప్పం అంటారు. ఆ ముద్ద పెట్టడమంటే ఆయనకి పిచ్చి. చీమ దూరే సందు కనిపించినా ప్రాణం ఊరుకునేది కాదు. ఒకసారి ఒక ఇల్లుగలాయన, "చాల్లే మేస్త్రీ, అది బీరువా వెనక గోడ, ఎవరు చూడొచ్చారు" అంటే, "బీరువా చూస్తుంది కదండీ" అని మళ్ళీ లప్పం కత్తి తీశాడట. ఆ మాట తిరిగి తిరిగి పెళ్ళాం చెవిన పడితే, ఆవిడ మూతి విరిచి, బీరువాల మీద ఉన్న జాలి కట్టుకున్నదాని మీద ఉంటే బాగుండేదని అందట.

లప్పానికి ముందు గీకుడు ఉంటుంది. పాత రంగు మీద కొత్త రంగు పూసేసి పోయేవాళ్ళని మేస్త్రీ మనుషుల్లో జమకట్టేవాడు కాదు. స్నానం చెయ్యకుండా కొత్త బట్టలు తొడుక్కోవడం లాంటిదనేవాడు. చెక్క కనిపించేదాకా గీకాల్సిందే, తరవాత ఉప్పు కాగితంతో రుద్దాల్సిందే. అలా గీకి, రుద్ది, ఆ పొడి పీల్చి, తల నెరిసేసరికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోవడం మొదలుపెట్టింది. బ్రష్షు ఎత్తితే వేళ్ళు మాట వినేవి కావు. కడుపులో మెలిపెట్టే నొప్పి అంతకు చాలా ముందునుంచే ఉంది. అది రంగు పనివాళ్ళందరికీ ఉన్నదే. దానికి వాళ్ళు రంగు నొప్పి అని పేరు కూడా పెట్టుకున్నారు. మందు కూడా వాళ్ళదే. పని దిగగానే ఒక గ్లాసు పాలు తాగితే లోపలికి పోయిన రంగంతా కడుక్కుపోతుందని మేస్త్రీలు కుర్రమేస్త్రీలకి చెప్పేవాళ్ళు. పాలు తాగేవాళ్ళు, కడుపు పట్టుకుని పడుకునేవాళ్ళు. నొప్పి తగ్గిందా అని మాత్రం ఎవరూ ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

చెయ్యి పడిపోయాక మేస్త్రీ ఇంటిపట్టున ఉండిపోయాడు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక కాస్త పెరడు. కొడుకు లారీ తోలతాడు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. కోడలు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. పొద్దున్న టిఫిను డబ్బా పట్టుకుని పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఇంకా ఒకటో తరగతిలో అడుగుపెట్టలేదు. తాత ఆ పిల్లని పిచ్చుక అని పిలిచేవాడు. సన్నగా ఉండేది, ఒక్కచోట నిలిచేది కాదు, నోరు మూసేది కాదు. తాత ముక్కులో వెంట్రుకలు ఎందుకున్నాయి, గోడకి చలెయ్యదా, నాన్న లారీ నిద్రపోతుందా, ఇలా పొద్దస్తమానం ప్రశ్నలే. చేతకాని చెయ్యితో ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ నోరు ఒక్కటే కాలక్షేపం.

అన్నం దగ్గర మాత్రం ఆ నోరు తెరుచుకునేది కాదు. బలపాలు తినేది. గోడ పెచ్చులు ఊడదీసి నాకేది. ముఖం తెల్లగా పాలిపోయింది. కోడలు ఒకరోజు పని మానుకుని క్లినిక్కుకి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువుందని టానిక్కు రాసిచ్చాడు. ఆకుకూరలు బాగా పెట్టమన్నాడు, అదీ తాజాగా ఉన్నవి.

తాజావి ఎక్కడినుంచి తెస్తారు. ఆ ఊళ్ళో చలి మొదలైతే ఒక పట్టాన వదలదు. మార్కెట్లోకి వచ్చే ఆకు లారీల్లో నలిగి, అంచులు పసుపెక్కి, కట్ట విప్పితే లోపల జిగురుగా ఉంటుంది. కోడలు అలాంటి కట్ట ఒకటి తెచ్చి, సగానికి పైగా ఏరి పారేసి, మిగిలింది చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి చూసి మేస్త్రీ అన్నాడు, "నేను పండిస్తానమ్మా. మన పెరట్లోనే."

పెళ్ళాం నవ్వింది. ఈ చలికి పెరట్లో తడిబట్టే ఆరదు, ఆకేం వస్తుందంది. అద్దాల గది కడతానన్నాడు. చెయ్యి ఎత్తలేనివాడు మేడ కడతాడంట అని ఆవిడ వంటింట్లోకి పోయింది. ఆ రోజునుంచి ఆ గదికి అద్దాల మేడ అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

ఊరి చివర ఒక పాత హాస్టలు పడగొడుతున్నారు. కిటికీలు రెక్కలతో సహా ఊడదీసి గుట్ట పోశారు. అక్కడ పాత సామాన్ల వ్యాపారి మేస్త్రీకి ఎప్పటినుంచో ఎరుక. నీకు నచ్చినవి ఏరుకోవయ్యా అన్నాడు. మేస్త్రీ ఒక్కో రెక్కనీ గోటితో గీరి చూశాడు. పొర మీద పొర, పైన ఆకుపచ్చ, దాని కింద గోధుమరంగు, అడుగున దళసరి తెలుపు. ఆ తెలుపు కనిపించగానే ఆయన ముఖం వెలిగింది. తోపుడు బండి మీద కిటికీలు ఇంటికి చేర్చి, పెళ్ళాన్ని పిలిచి మరీ చూపించాడు. "ఇప్పటి రంగుల్లాగా నీళ్ళు కాదే ఇది. సీసం పోసి కలిపిన రంగు. అందుకే చూడు, ఇన్నేళ్ళు ఎండావానా తిన్నా చెక్కకి చెద పట్టలేదు." ఆవిడకి చెక్కా తెలియదు, చెదా తెలియదు. పెరడంతా ఇలా నింపేస్తే బట్టలెక్కడ ఆరెయ్యాలని మాత్రం అడిగింది.

ఇంకొకళ్ళయితే ఆ కిటికీల్ని ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టి మేకులు కొట్టేసేవాళ్ళు. లప్పం మేస్త్రీ కదా, గీకకుండా ఎలా ఉంటాడు. కుళాయి పక్కన చదునుగా ఉన్నచోట గోనెపట్టా పరిచి, రెక్కని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో గీకడం మొదలెట్టాడు. వాలిన కుడిచెయ్యి చెక్కని అదిమి పట్టడానికి పనికొచ్చింది. చాలారోజుల తరవాత చేతికి పని దొరికింది. రంగు చిట్లిపోయి పెచ్చులు పెచ్చులుగా లేచేది. ఉప్పు కాగితం పెడితే తెల్లటి పొడి లేచి తల మీద, భుజాల మీద, ఆరేసిన బట్టల మీద వాలేది. పిచ్చుక పక్కనే చతికిలబడేది. పెచ్చుల్ని రంగులవారీగా పోగులు పెట్టి దుకాణం నడిపేది. తాతయ్యా ఆకుపచ్చ ఎంతకి కావాలి, తెలుపు అయిపోయింది రేపు రండి.

ఒకరోజు నాలుక చూపించి, "తాతయ్యా, తెలుపు తియ్యగా ఉంది" అంది.

మేస్త్రీ నవ్వాడు. రంగు తినే పిల్లని ఎక్కడా చూళ్ళేదన్నాడు. చొక్కా అంచుతో మూతి తుడిచి, లోపలికి తీసుకెళ్ళి, ఒక గ్లాసు పాలు పట్టించాడు. ఆ రోజునుంచి పని దిగగానే ఇద్దరికీ చెరో గ్లాసు. మేస్త్రీలిద్దరూ పాలు తాగుతున్నారని పెళ్ళాం వేళాకోళం చేసేది. ఆయనకి అది ముద్దుగా అనిపించేది. పాలు తాగింది కదా, ఇంక ఏమీ కాదనుకున్నాడు. ఆయన మనసులో ఆ లెక్క అక్కడితో సరి.

గది లేచింది. మనిషి నిలబడితే తల తగలనంత ఎత్తు, పైన వాలుగా అద్దాల కప్పు, గాలి ఆడడానికి పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. అద్దం చుట్టూ లప్పం ఎంత నున్నగా పెట్టాడంటే, లారీ దిగి వచ్చిన కొడుకు వేలితో రాసి చూసి, నాన్నా మా క్యాబిన్‌లో కూడా ఇంత బిగుతు లేదన్నాడు. గోనెపట్టా మీద పోగైన పొడీ పెచ్చులూ ఏం చెయ్యాలన్నది మిగిలింది. వీధిలో పోస్తే గాలికి లేచి నలుగురిళ్ళలో పడుతుంది, తిట్టుకుంటారు. ఆ పొడి మట్టిలో కలిస్తే మట్టి గుల్లబారుతుందని ఆయన ఊహ. గది లోపల పాదులకి తవ్విన కాలవలో అడుగున పరిచి, పైన పేడ ఎరువూ మట్టీ కప్పేశాడు. ఒక్క పెచ్చు కూడా బయట పడనివ్వలేదు.

పాలకూర మొలిచింది. బయట జనం చేతులు చంకల్లో పెట్టుకుని నడుస్తుంటే, లోపల వెచ్చటి తేమ వాసన. గదిని పోషించడం అంటే చంటిపిల్లని సాకడమే. పొద్దెక్కగానే పై రెక్క తెరవాలి, లేకపోతే ఆకు ఉడికిపోతుంది. ఎండ వాలకముందే ముయ్యాలి, లేకపోతే చలికి బిగుసుకుపోతుంది. అద్దాల లోపలివైపు చెమట పడితే గుడ్డతో తుడవాలి. ఆకు అడుగున తెల్లదోమ చేరితే సబ్బునీళ్ళు చల్లాలి. చలికి చెక్క కుంచించుకుపోయి లప్పం చిట్లితే మళ్ళీ పెట్టాలి, దానికి మళ్ళీ కాస్త గీకాలి. ఆ గీకిన పొడి ఆకుల మీదే పడేది. పిచ్చుక ఆ గది వదిలితే ఒట్టు. అక్కడే ఆట, అక్కడే నిద్ర. ఆకు తుంపి అలాగే నోట్లో పెట్టుకునేది. అన్నం ముట్టని పిల్ల ఆకు తింటుంటే, చూసినవాళ్ళకి కడుపు నిండిపోయేది. కోడలు ఒక సాయంత్రం గది గుమ్మంలో నిలబడి, మీరు లేకపోతే ఏమయ్యేదో మామయ్యా అంది. ఆ మాట ఆయన ఎన్నిసార్లు తలుచుకున్నాడో ఆయనకే తెలుసు. మొదట సంతోషంతో తలుచుకున్నాడు. తరవాత ఇంకోలా.

చలి తగ్గేసరికి పిల్ల కడుపు పట్టుకుని ఏడవడం మొదలెట్టింది. విరేచనం అయ్యేది కాదు. ఊరికే చిరాకు, చేతిలో ఉన్నది విసిరికొట్టడం. ప్రశ్నలు తగ్గిపోయాయి. ఏదో అడగబోయి మధ్యలో ఆగి, ఏం అడుగుతోందో మరిచిపోయినట్టు చూసేది. రక్తం ఇంకా చాల్లేదని మేస్త్రీ తీర్మానించాడు. రోజుకి ఒకసారి పెట్టే ఆకు రెండుసార్లు చేశాడు. పప్పులో ఆకు, చారులో ఆకు. కోడలికి ఎక్కడో అనుమానం తగిలింది. ఆకు ఎక్కువై కడుపు ఉబ్బుతోందేమో, కొన్నాళ్ళు ఆపి చూద్దామంది.

మేస్త్రీకి ఒళ్ళు మండింది. "డాక్టరు చెప్పింది పెడుతున్నానమ్మా. నేనేమన్నా విషం పెడుతున్నానా."

కోడలు నోరు మూసుకుంది. మామగారి మీద గౌరవంతో మూసుకుంది. ఆ తరవాత ఆవిడ తనని తాను తిట్టుకున్నది ఒక్క ఆ విషయానికే.

ఒక మధ్యాహ్నం పిల్ల పాదుల మధ్య కూర్చున్నదల్లా పక్కకి ఒరిగిపోయింది. కళ్ళు పైకి తిరిగాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మేస్త్రీ ఎత్తుకోబోతే కుడిచెయ్యి వాలిపోయింది. ఎడమచేత్తో గుండెకి అదుముకుని వీధిలోకి పరిగెత్తాడు. ఎవరో ఆటో ఆపారు. పెద్దాసుపత్రిలో పిల్లని ఆయన చేతుల్లోంచి లాక్కుని లోపలికి తీసుకుపోయారు. ఖాళీ చేతులతో ఆయన వరండాలో నిలబడ్డాడు, చొక్కా నిండా మట్టి.

ఫ్యాక్టరీ నుంచి కోడలు వచ్చింది. మర్నాడు సాయంత్రం పిల్లల డాక్టరమ్మ మేస్త్రీనీ కోడలినీ గదిలోకి పిలిచింది. నెమ్మదైన మనిషి, కుర్చీలు చూపించి కూర్చోబెట్టింది. పిల్ల రక్తంలో సీసం ఉందంది. కొద్దో గొప్పో కాదు, మెదడుకి ఎక్కేంత ఉంది. సూదిమందు మొదలుపెట్టాం, కానీ అది ఎక్కడినుంచి వస్తోందో తెలియాలి, మళ్ళీ లోపలికి పోతుంటే మందు పనిచెయ్యదంది. పాత గిన్నెలా, నీళ్ళ గొట్టాలా, బ్యాటరీలా, ఒక్కొక్కటే అడిగింది. కోడలు ఇంట్లో ఉన్న ప్రతి సామానూ చెప్పింది. పిల్లకి టానిక్కు పోసే చెంచాతో సహా.

డాక్టరమ్మ మేస్త్రీవైపు తిరిగింది. "పెద్దాయనా, ఇంట్లో ఎక్కడైనా పాత రంగు గీకారా?"

సీసం అన్న మాట వినగానే ఆయనకి అంతా తెలిసిపోయింది. కోడలు తనవైపే చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు, ఆశ ఉంది. ఇంత అనుభవం ఉన్న మనిషి, ఏదో ఒకటి చెబుతాడన్న ఆశ.

"లేదండి. మాది సున్నం వేసిన ఇల్లు" అన్నాడు.

అబద్ధం కాదని తనకి తాను చెప్పుకున్నాడు. ఇంట్లో అని కదా అడిగింది, పెరట్లో అని కాదు కదా. ఆ మాటల సందులో దాక్కుని, ఇంటికొచ్చి ఆ రాత్రి గడిపాడు.

తెల్లవారాక వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చింది. పెళ్ళాం ఆసుపత్రికి టిఫిను డబ్బా సర్దుతోంది. కింది గిన్నెలో మెత్తగా కలిపిన అన్నం, పై గిన్నెలో పాలకూర. రాత్రి కూడా అదే పంపించానంది, నర్సమ్మ రెండు ముద్దలు తినిపించిందట, పాపం పిల్ల మింగిందట. నిన్న కోసిన ఆకు, కడుక్కోవలసిన పని కూడా లేదు, మన గదిదే కదా అంది.

మేస్త్రీ డబ్బా లాక్కున్నాడు. పై గిన్నె తీసి తూములో బోర్లించాడు. పెళ్ళాం కేక పెట్టబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"అది నేనే" అన్నాడు. "దానికి నేనే పెట్టానే. కిటికీల రంగు, అందులో సీసం."

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. రాత్రి పంపించిన గిన్నె తన చేత్తో కడిగి బోర్లించింది కదా, దానివైపు చూస్తూ నేల మీద కూలబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందూ కోడలి ముందూ నిలబడి అంతా చెప్పాడు. తను గీకడం, పొడి పాదులో కప్పడం, పిల్ల నాలుక చూపించడం, పాలు పట్టించడం. నిన్న అంతా తెలిసే, లేదని అబద్ధం చెప్పానని కూడా చెప్పాడు. పాలు సీసాన్ని ఏమీ చెయ్యలేవంది డాక్టరమ్మ. రక్తం తక్కువున్న పిల్లలు మట్టీ పెచ్చులూ తింటారని, ఆ ఒంటికే సీసం ఇంకా బాగా పడుతుందని చెప్పింది. తరవాత ఆయన వాలిన చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, కడుపునొప్పి ఎన్నాళ్ళనుంచి ఉందని అడిగింది. మీక్కూడా పరీక్ష చెయ్యాలంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకెందుకండి అన్నాడు.

కోడలు ఒక్క మాట అంది. "నిన్న రాత్రి రెండు ముద్దలు తినింది మామయ్యా."

పిల్ల బతికింది. బతికింది అనే అంటారు ఎవరైనా. ఫిట్సు ఆగాయి, అన్నం తింటోంది, నడుస్తోంది. ఒకటి అడిగితే జవాబు ఎక్కడో దూరంనుంచి వస్తుంది. మాటకి మాట అందదు. ఎంతవరకు తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. తిరిగి రాకపోవచ్చని కూడా అన్నారు. ఆ పెరడున్న ఇంటికి పంపొద్దన్నారు. కోడలు పిల్లని తీసుకుని ఊరికి అవతలి వైపున్న అక్క ఇంటికి పోయింది. కొడుకు లారీ దిగి, తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. తెలియక చేశావులే నాన్నా అన్నాడు. అన్నీ తెలిసుండీ లేదని చెప్పిన రోజు సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆ ఊసు కొడుకు ఎత్తలేదు, అదే ఆయన్ని ఎక్కువ కోసింది.

మేస్త్రీ గదిని విప్పాడు. ఆకు పీకి సంచుల్లో కట్టాడు. పాదుల మట్టి తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని, ఎడమచేత్తో తవ్వి తవ్వి బస్తాలకెత్తాడు. మున్సిపాలిటీ బండి ఆ బస్తాలు వేరుగా పట్టుకుపోయింది. కిటికీలు మాత్రం వాళ్ళు తీసుకోలేదు, రోడ్డు పక్కన పెట్టు తాతా, ఎవరో ఒకళ్ళు పట్టుకుపోతారన్నారు. ఆయన భయమూ అదే. ఎవరో ఒకళ్ళు పట్టుకుపోతారు, తనలాగే ఇంట్లో ఏ పిల్లనో పక్కన కూర్చోబెట్టుకుని గీకుతారు. అందుకని పెరటి గోడకి ఆనించి, మీద టార్పాలిను కప్పి, తాడుతో కట్టేశాడు. గాలికి తాడు వదులైనప్పుడల్లా మళ్ళీ బిగిస్తుంటాడు. కోళ్ళ గూటికి రెండు రెక్కలు కావాలని పక్కవీధి మెకానిక్కు వచ్చాడు. మేస్త్రీ ఇవ్వనన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. రంగు నాకితే పోతారా ఎవరన్నా, మా ఇంట్లో పిల్లలు గోడంతా నాకుతారు, ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా అని మెకానిక్కు నవ్వి వెళ్ళిపోయాడు. వీధిలో ఇప్పుడు ఆయనకి పిసినారి అన్న పేరు కూడా వచ్చింది.

సెలవురోజుల్లో మనవరాలిని చూడ్డానికి వెళ్తాడు. బస్సు మారి, మెట్లెక్కి, తలుపు కొడతాడు. కోడలు వెంటనే లోపలికి రానివ్వదు. గుమ్మం బయట మేకుకి ఒక ఉతికిన చొక్కా తగిలించి ఉంటుంది, ఆయన కొలతకి తనే కుట్టింది. ఒంటిమీద చొక్కా విప్పి సంచిలో పెట్టి, కింద కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా రుద్ది, ఆ చొక్కా తొడుక్కుని నిలబడాలి. అప్పుడు కోడలు ఆయన రెండు చేతులూ పట్టుకుని, వెలుతురువైపు తిప్పి చూస్తుంది. లోపల నేల మీద పిచ్చుక కూర్చుని ఉంటుంది. తాత వచ్చాడని తెలుసు. లేచి రావాలన్న ఊహ ఇంకా కాళ్ళ దాకా చేరలేదు.

మొన్న కూడా అంతే. కోడలు చేతులు పట్టుకుని చూసింది, కుడిచేతి వేలు ఒకటి పైకెత్తింది.

"గోటి కింద ఇంకా తెల్లగా ఉంది మామయ్యా. ఇంకోసారి కడుక్కోండి."

మేస్త్రీ తల ఊపి, రెయిలింగు పట్టుకుని, మళ్ళీ మెట్లు దిగాడు.